తొట్లకొండ మీంచి సముద్రం

మారిషస్‌లో పుట్టినవాళ్లకి సముద్రం కొత్త కాదు. మరి టూరుకి డబ్బు కట్టి విశాఖపట్నం దాకా వెళ్లి మళ్లీ సముద్రమే చూడడం ఎందుకని మీరు అడగవచ్చు. అక్కడ సముద్రం పక్కనే కొండలున్నాయి. ఆ కొండల మీద సుమారు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ కట్టడాలున్నాయి. రెండూ కలిపి చూస్తేనే ఆ తీరం అర్థమవుతుంది.

టూరు కాగితంలో మాత్రం పొద్దున చరిత్ర, సాయంత్రం బీచ్ అని విడదీసి రాస్తారు. తొట్లకొండ దగ్గర బస్సు కాసేపే ఆగుతుంది. అది చాలదు. ముందే గైడుతో మాట్లాడి రెండు గంటలు అడగండి. ఇంకో మాట కూడా అడగండి: "మాకు తెలుగులోనే చెప్పండి, కొంచెం నెమ్మదిగా." మిమ్మల్ని చూడగానే ఆయన ఇంగ్లీషు మొదలుపెడతారు. ఇంగ్లీషులో వింటే ఊళ్ల పేర్లు వట్టి శబ్దాలుగా మిగిలిపోతాయి. తెలుగులో ఆ పేర్లే సగం కథ చెబుతాయి.

తొట్టి అంటే నీళ్లు నిలవ చేసేది. కొండరాతిని తొలిచి, వాననీరు పట్టుకోవడానికి తొట్లు చేశారు. అందుకే అది తొట్లకొండ. దగ్గరలోనే బావికొండ ఉంది. ఆ పేరు మీరే విడదీయగలరు. తొట్లకొండ మీద గుండ్రటి స్తూపం, భిక్షువులు ఉన్న గదుల పునాదులు కనిపిస్తాయి. తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. రోము నాణెం ఈ కొండ మీదికి ఎలా వచ్చిందో తెలియాలంటే స్తూపానికి వీపు పెట్టి నిలబడండి. కింద బెస్తల ఊరు, రోడ్డు, ఆ తర్వాత అంతా బంగాళాఖాతమే. ఓడలు వచ్చి పోయే తీరమది. మనవాళ్లు కూలి ఒప్పందం మీద ఓడ ఎక్కడానికి ఎన్నో వందల ఏళ్ల ముందే ఈ నీళ్లు జనానికి దారి.

అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండ సముద్రానికి దూరం. మెట్లు ఎక్కువ, పెద్దవాళ్లకి కష్టం. అయినా కొండనే చెక్కి చేసిన స్తూపాల కోసం వెళ్లాలి. బుద్ధుడే జనం నోట బొజ్జన్న అయ్యాడంటారు.

సింహాచలం మాత్రం వదలకండి. మన ఇళ్లలో సింహాద్రి అప్పన్న పూజ చేసేవాళ్లు ఇంకా ఉన్నారు కదా, ఆ అప్పన్న ఈయనే. ఏడాదంతా స్వామి చందనం పూతలోనే ఉంటాడు. నిజరూప దర్శనం ఒక్క అక్షయ తృతీయ నాడే. ఆ రోజు విపరీతమైన రద్దీ, ఎండ కూడా ఎక్కువే. నన్నడిగితే డిసెంబరే మంచిది. మనకి బడి సెలవులు, అక్కడ చలికాలం.

ఇక బీచ్ సంగతి. ఫ్లిక్-అన్-ఫ్లాక్‌లో ఈదినట్టు ఇక్కడ ఈదకండి. మనకి పగడపు దిబ్బ అలల్ని ఆపుతుంది. విశాఖలో అలాంటి అడ్డు లేదు, అల నేరుగా మీద పడుతుంది, వెనక్కి లాగుతుంది. పిల్లల్ని చేయి పట్టుకునే ఉంచండి. కూర్చుని మురీ మిక్చర్ తినండి. మసాలా వడ కూడా కొనండి. మన గాతో పిమాకి అది అక్కయ్య వరస. సాయంత్రం భీమిలి వెళ్తే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులు చూడవచ్చు.

కోరంగి ఇక్కడ లేదు, కాకినాడ దగ్గర ఉంది. దానికి విడిగా ఒక రోజు పెట్టుకోండి. మారిషస్‌లో మన తెలుగువాళ్లని కోరంగివాళ్లు అన్నది ఆ రేవు పేరు మీదే. 1843లో తెలుగువాళ్లని తెచ్చిన ఓడ పేరు కూడా కోరంగి పాకెట్. పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్ 16 మెట్లు ఉన్నాయి, వాటి మీద మనం నిలబడగలం. కోరంగిలో ఇప్పుడు చూడడానికి ఉన్నది మడ అడవి, అందులో నడవడానికి చెక్క దారి, పడవలు.

టికెట్టు కొనే ముందు మోకా వెళ్లండి. అక్కడి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస వచ్చినవాళ్ల పాత రిజిస్టర్లున్నాయి. మీ ముత్తాత పేరు దొరికితే ఊరు, జిల్లా కూడా దొరకవచ్చు. గుమస్తాలు చెవికి విన్నట్టు రాశారు, కాబట్టి అక్షరాలు వింతగా ఉంటాయి. కాగితం చూపించి ఊరుకోకండి. ఆ పేరుని రెండు మూడు రకాలుగా పైకి చదివి గైడుకి వినిపించండి, డ్రైవరుకి కూడా. "మీదే ఊరు?" అని అక్కడ అందరూ ఎలాగూ అడుగుతారు.