ఇనుము మొలిచిన బయలు

న్యూజెర్సీలోని తెలుగు ఇళ్లకు ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే చూపించే చోట్లు దాదాపు ఒకటే. లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్, బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడి, ఓపికుంటే నయాగరా. ఆ వరసలో లేనిదీ, ఉండాల్సినదీ ఒకటుంది. ఎడిసన్ వైపు నుంచి కారులో గంటన్నర పైచిలుకు ప్రయాణం. హడ్సన్ నది లోయలో, మౌంటెన్‌విల్ దగ్గర, స్టార్మ్ కింగ్ ఆర్ట్ సెంటర్. 500 ఎకరాల పచ్చిక, అడవి, గుట్టలు. వాటి మధ్య అక్కడక్కడ నిలబెట్టిన నూరుకు పైగా శిల్పాలు. కొన్ని మన నాలుగంతస్తుల అపార్ట్‌మెంటంత ఎత్తుంటాయి.

మా అత్తయ్యగారినీ మామయ్యగారినీ అక్టోబరులో తీసుకెళ్లాను. మామయ్యగారు విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లు లారీ బాడీలు కట్టించారు. శిల్పాలంటే ఆయన మనసులో లేపాక్షి నంది ఉంది. గేటు దాటగానే పచ్చిక మీద ఎర్రటి గడ్డర్లు కనిపించేసరికి, “ఇక్కడేదో పని జరుగుతున్నట్టుందే” అన్నారు.

వెళ్లేముందు చూసుకోవలసినవి కొన్నున్నాయి. టికెట్టు ముందే ఆన్‌లైన్లో, ఏ వేళకు వస్తామో చెప్పి కొనుక్కోవాలి. అక్టోబరు శనాదివారాల్లో ఆకుల రంగులు చూడవచ్చే జనమే ఎక్కువ, కాబట్టి పని రోజున వెళితే సుఖం. లోపల తిరగడానికి ట్రామ్ ఉంది, సైకిళ్లు అద్దెకిస్తారు. పెద్దవాళ్లుంటే ముందు ట్రామ్‌లో ఒక చుట్టు తిరిగి, ఎక్కడ దిగాలో నిర్ణయించుకోవడం మేలు. హడ్సన్ లోయ గడ్డిలో టిక్‌లనే పురుగులుంటాయి, కుడితే లైమ్ జబ్బు రావచ్చు. అందుకని కాళ్లు కప్పే బట్టలు, మేజోళ్లు, ఇంటికొచ్చాక ఒకసారి ఒళ్లు చూసుకోవడం. తిండి తెచ్చుకోవచ్చు, పొయ్యి మాత్రం వెలిగించకూడదు. పులిహోర, దద్దోజనం ఉన్నవాళ్లకు పొయ్యితో పనేముంది!

ఈ చోటు వెనక ఉన్నది బోల్టుల వ్యాపారం. రాల్ఫ్ ఆగ్డెన్, ఆయన అల్లుడు పీటర్ స్టెర్న్ మౌంటెన్‌విల్‌లో స్టార్ ఎక్స్‌పాన్షన్ అనే కంపెనీ నడిపేవారు. గోడల్లో బిగించే బోల్టులు అక్కడ తయారయ్యేవి. 1960లో కొండ మీది రాతి బంగళాలో మ్యూజియం పెట్టారు. మొదట్లో ఈ లోయను చిత్రించిన పాతకాలపు చిత్రకారుల బొమ్మలు పెట్టాలనుకున్నారు. 1967లో ఆగ్డెన్, అప్పటికే చనిపోయిన డేవిడ్ స్మిత్ అనే శిల్పి ఊరికి వెళ్లి, ఆయన ఇనుప శిల్పాలు పొలంలో ఆరుబయట నిలబడి ఉండటం చూశారు. 13 శిల్పాలు ఒకేసారి కొన్నారు. ఇనుముకు కప్పు అక్కర్లేదు, ఆకాశం చాలన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. స్మిత్ కూడా కుర్రతనంలో కార్ల ఫ్యాక్టరీలో, యుద్ధకాలంలో రైలింజన్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాడే. ఆ మాట చెప్పాక మామయ్యగారి నడక మారింది.

ఆ రోజు ఎక్కువసేపు ఆగింది మార్క్ డి సువెరో శిల్పాల దగ్గర. దక్షిణపు బయలులో అవి దూరదూరంగా నిలబడి ఉంటాయి. పైనుంచి చూస్తే చేతిలో పట్టేలా కనిపిస్తాయి, నడిచి వెళ్లేకొద్దీ మెడ వెనక్కి వంచాల్సి వస్తుంది. డి సువెరోకు 1960లో లిఫ్టు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతింది. ఇక నడవడన్నారు. ఆ మనిషి వెల్డింగు నేర్చుకుని, క్రేను తానే నడుపుతూ ఇంతింత గడ్డర్లు ఎత్తి నిలబెట్టాడు. ‘పిరమిడియన్’లో వాలుగా నిలిచిన గడ్డర్ల మధ్య ఒక భారీ దూలం వేలాడుతూ ఉంటుంది, గాలికి మెల్లగా తిరుగుతుంది. మామయ్యగారు ఒక కాలు దగ్గర గొంతు కూర్చున్నారు. ముట్టుకోకూడదని చెప్పాను కాబట్టి చేతులు వెనక్కి కట్టుకుని, అతుకు దగ్గర పలకనీ, దాన్ని పట్టుకున్న బోల్టుల వరసనీ, వెల్డింగు పూసనీ చూశారు. “వీడు లెక్క తెలిసినోడమ్మా. బరువంతా ఏ కాలు మీదకి దించాలో తెలుసు” అన్నారు. అత్తయ్యగారు మాత్రం, “ఇంతకీ దీని మీద ఏం పెడతారంట?” అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఏమీ పెట్టరని చెబితే ఆవిడ నమ్మలేదు.

రిచర్డ్ సెర్రా ‘షునెమంక్ ఫోర్క్’ దగ్గర ఇంకో పేచీ. వాలు నేలలో సగం దిగిన నాలుగు ఉక్కు పలకలు, ఒళ్లంతా తుప్పు. “రెడాక్సైడన్నా కొట్టలేదేంటి?” అన్నారు మామయ్యగారు. ఈ రకం ఉక్కులో రాగి లాంటివి కలుపుతారని, పైన పట్టిన తుప్పు పొర గట్టిపడి లోపలి ఉక్కును కాపాడుతుందని చెప్పాను. నమ్మారుగానీ, మనసొప్పలేదు.

మాయా లిన్ ‘వేవ్‌ఫీల్డ్’ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారకాన్ని 21 ఏళ్లకే రూపకల్పన చేసిన మనిషి ఈవిడ. ఇక్కడ ఆవిడ వాడింది మట్టి, గడ్డి, అంతే. 10 నుంచి 15 అడుగుల ఎత్తున ఏడు వరసల అలలు. మేం వెళ్లిన రోజు దిగనిచ్చారు. నేల మెత్తగా ఉన్న రోజుల్లో గట్టు మీద నుంచే చూడాలి. రెండు అలల నడుమకు దిగితే పక్క వరసలో ఎవరున్నారో తెలియదు. అత్తయ్యగారి గొంతు వినబడుతోంది, మనిషి కనబడరు. అప్పుడే అటు పక్క నుంచి ట్రక్కుల హోరు. అది న్యూయార్క్ థ్రూవే. 1950లలో ఆ రోడ్డు వేయడానికి ఈ నేలనే తవ్వి కంకర పట్టుకుపోయారు. ఆ గుంటల్లో ఒకటే ఇవాళ అలలైంది. ఇక్కడ మనం సహజమనుకునే వాలులూ బయళ్లూ చాలావరకు విలియం రూథర్‌ఫోర్డ్ అనే ల్యాండ్‌స్కేప్ నిపుణుడు మట్టి సర్ది తీర్చినవి. అందుకే శిల్పాన్ని ఒక్కదాన్నే చూసి ఫొటో తీసుకుని వచ్చేస్తే సగమే చూసినట్టు.

ఆండీ గోల్డ్స్‌వర్తీ గోడ వెంట కూడా నడవండి. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ, పొడవు 2,278 అడుగులు. చెట్లను కొట్టకుండా వాటిని చుట్టుకుంటూ మెలికలు తిరిగి, చెరువులో మునిగి, అవతలి ఒడ్డున లేచి తిన్నగా థ్రూవే దాకా పోతుంది. జాంగ్ హువాన్ మూడు కాళ్ల బుద్ధుణ్ణి చూస్తే హుస్సేన్‌సాగర్ బుద్ధుడికి అలవాటుపడ్డ కళ్లు తడబడతాయి. నడుము పైన ఏమీ లేదు, ఒక కాలి కింద సగం పాతుకున్న తల. చైనా సాంస్కృతిక విప్లవంలో పగలగొట్టిన విగ్రహాల ముక్కలు టిబెట్‌లో చూశాక చేసిందది. అత్తయ్యగారు దణ్ణం పెట్టాలా వద్దా అని కాసేపు ఆగి, పెట్టేశారు. బంగళా చుట్టూ ఉన్న చిన్న శిల్పాల్లో స్మిత్‌వి తప్ప మిగతావి నాకంతగా ఎక్కలేదు.

శిల్పాల్ని ముట్టుకోకూడదన్న నియమానికి ఒక మినహాయింపుంది: ఇసాము నొగుచి ‘మొమొతారో’. జపాన్‌లోని షోడో దీవి నుంచి తెచ్చిన గ్రానైటు, 40 టన్నులు. తొలిచిన రాతి లోపల కూర్చోవచ్చు. పిల్లలు దూరి కేకలేస్తుంటే రాయి తిరిగి పలుకుతుంది. పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులుంటే మధ్యాహ్నం విశ్రాంతి ఇక్కడికి కుదుర్చుకోండి.

అన్నీ ఒక్కరోజులో చూడాలని పూనుకోకండి. ఆరేడు చాలు, మధ్యలో నడకే అసలైన పని. మంగళవారం సెలవు, చలికాలమంతా మూసేస్తారు. అమ్మానాన్నలు వేసవికి వస్తున్నారంటే ఏదో ఒక షాపింగ్ మాల్ మానేసి, ఆ రోజు దీనికివ్వండి.