తేట వేరు, శుద్ధి వేరు

తెలుగులో 'తేట' అన్న మాట మాకు చిన్ననాటి నుండి ప్రీతిపాత్రమైనది. మన్ను దిగిన నీరు తేట. అర్థం స్పష్టమైన మాట తేట. కలత తీరిన మనసు తేట. అడుగు కనిపించే నీటిని చూసి మనం తృప్తిపడతాము. అయితే ఉర్దూ తెలిసిన మన కళాశాల విద్యార్థులకు ఇక్కడ ఒక సూక్ష్మభేదం వెంటనే స్ఫురిస్తుంది. 'సాఫ్' వేరు, 'పాక్' వేరు. కంటికి మురికి కనిపించనిది సాఫ్. లోపల దోషం లేనిది పాక్. ఈ రెండు మాటల నడుమగల దూరం ఎంతటిదో మేము నిఘంటువులో గాక ఒక గాజు తొట్టిలో చూశాము. ఆ సంగతి విన్నవించటమే ఈ వ్యాసోద్దేశం.

మా స్వగ్రామం కృష్ణా డెల్టాలోనిది. వర్షాకాలంలో కాలువకు కొత్తనీరు వచ్చినప్పుడు బిందె ముంచితే ఎర్రమన్ను కలిపినట్టి నీరు వచ్చేది. మా దాదీమా ఒక చిల్లగింజను తడిపి, బాన లోపలి వైపున అరగదీసి, నీరు పోసి మూత పెట్టేవారు. తెల్లవారేసరికి మన్నంతా మడ్డిగా అడుగున చేరి, పైన తేటనీరు నిలిచేది. సంస్కృతంలో కతకమని పిలువబడే ఈ గింజను నీటిని తేర్చే ద్రవ్యాలలో ఒకటిగా సుశ్రుత సంహిత పేర్కొన్నది. నీటిలో తేలియాడే సన్నని మన్నురేణువులను గింజలోని జిగురు పదార్థాలు ఒకదానితో ఒకటి జతకూర్చి బరువెక్కిస్తాయి. బరువెక్కినది అడుగుకు దిగుతుంది. పటిక చేసే పనీ ఇటువంటిదే. కాని ఒక్క విషయం గమనించాలి. మురికి బానను విడిచిపోలేదు. అడుగున దాగింది, అంతే. పైనీటిని మెల్లగా వేరొక కడవలోకి వంచి, మడ్డిని పారబోయటం దాదీమా చేతిపని.

మా తమ్ముడు పదకొండేళ్ళుగా జిద్దా నగరంలో పైపుల పని చేస్తున్నాడు. మా ఎం.ఏ. చదువు సాగటం కోసం అతడు పదవ తరగతితో తన చదువు మానుకున్నాడు. ఒక వేసవి సెలవులలో మేము నెలరోజులు అతని వద్ద గడిపాము. అతని గదికి ఒకటే కిటికీ. తెరిస్తే ఎదురింటి గోడ. భార్యాబిడ్డలు ఊరిలో ఉన్నారు. ఆ గదిలో అతనికి తోడు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తుగల ఒక గాజు తొట్టి. అందులో రమారమి 250 లీటర్ల ఉప్పునీరు, కొన్ని రాళ్ళు, పెంపకందారుల వద్ద కొన్న పగడపు పిలకలు, తెల్లని పట్టీలుగల క్లౌన్ చేపలు ఒక జత. పని నుండి వచ్చి, దీపం వేసి, ఆ తొట్టి ముందు కూర్చున్నప్పుడే ఇల్లు చేరినట్లుంటుందని అతడు అనేవాడు.

మేము వెళ్ళేనాటికి ఆ తొట్టికి జబ్బు చేసింది. రాళ్ళపై ఆకుపచ్చని నాచు జుట్టువలె పెరిగింది. పుట్టగొడుగు ఆకారపు మెత్తని పగడం పది దినాలుగా విప్పారలేదు. కొమ్మలుగల మరొక పగడం మొదలు నుండి తెల్లబడుతున్నది.

"నీళ్ళు చూడండి భాయీజాన్, అద్దంలా ఉన్నాయి. ఇంకేం చేయాలి? చేపల్ని ఎవరికైనా ఇచ్చేసి తొట్టి ఎత్తేస్తాను" అన్నాడు తమ్ముడు.

నీరు అద్దమే, సందేహం లేదు. అయితే పగడపు దిబ్బల స్వభావం తెలిసినవారు అద్దాన్ని చూసి మోసపోరు. పగడం మొక్క కాదు, జంతువు. దాని దేహంలో నివసించే సూక్ష్మ శైవలాలు సూర్యకాంతితో ఆహారం వండి దానికి పంచి పెడతాయి. ఉష్ణమండల సముద్రంలో దిబ్బల చుట్టూ ఉండే నీరు పోషక పదార్థాల విషయంలో మిక్కిలి బీదది. అంత బీదనీటిలో అంత సంపన్నమైన జీవలోకం ఎట్లా వర్ధిల్లుతున్నదన్న చిక్కుప్రశ్నకు, 1842లో పగడపు దిబ్బలపై గ్రంథం వెలువరించిన చార్లెస్ డార్విన్ పేరే పెట్టారు. ఆ బీదరికమే పగడానికి ఆరోగ్యం. తొట్టిలో ఇది తలక్రిందులవుతుంది. చేపలు తినగా మిగిలిన మేత, వాటి విసర్జనం, పగడాలు స్రవించే జిగురు నీటిలో కరుగుతాయి, కుళ్ళుతాయి. వాటి నుండి అమ్మోనియా, దాని నుండి బాక్టీరియా చర్యవల్ల నైట్రైటు, ఆపైన నైట్రేటు పుడతాయి. ఇవేవీ కంటికి కనిపించవు. నాచుకు ఇవి విందు, పగడానికి పీడ. ఆ నీరు సాఫ్, కాని పాక్ కాదు.

చిల్లగింజ ఇక్కడ పనికిరాదు. దిగవలసిన మన్ను ఆ నీటిలో లేదు. పైపెచ్చు గింజ గుజ్జులోని మాంసకృత్తులే తొట్టిలో కుళ్ళి పాత కష్టానికి కొత్త కష్టం చేరుస్తాయి. పటిక వేస్తే నీటి క్షారగుణం తరుగుతుంది. పగడం తన సున్నపు అస్థిపంజరం కట్టుకోవటానికి ఆ గుణమే ఆధారం. కనుక కరిగినదాన్ని కుళ్ళకముందే నీటి నుండి బయటికి లాగే ఉపాయం కావాలి. ఆ ఉపాయం సముద్రమే చూపిస్తుంది. గాలి వీచే సాయంకాలం ఒడ్డున పేరుకొనే నురుగు ఉత్త గాలి కాదు. నీటిలో కరిగిన సేంద్రియ పదార్థాలలో అనేకం ఒక కొసతో నీటిని కోరుతాయి, మరొక కొసతో నీటిని విడువగోరుతాయి. గాలిబుడగ దొరికితే దాని చర్మాన్ని అంటిపెట్టుకొని పైకి వస్తాయి. బజారులో ప్రోటీన్ స్కిమ్మరు అన్న పేరుతో అమ్మే యంత్రానికి మూలసూత్రం ఇంతే. దాని ధర విని తమ్ముడు వెనుదిరిగాడు. "పైపులే కదా భాయీజాన్, మనమే చేద్దాం" అన్నాడు మరునాడు.

మేము పుస్తకం చదివి చెప్పాము. అతడు కోసి అతికాడు. నాలుగంగుళాల పి.వి.సి. గొట్టం రెండడుగుల పొడవున నిలువుగా నిలిపి, అడుగు మూసివేశాడు. పైన రిడ్యూసరు అమర్చి, దాని మీద రెండంగుళాల పారదర్శక గొట్టం మెడగా నిలిపాడు; నురుగు ఎక్కే తీరు కంటికి కనిపించాలి కదా. ఆ మెడ చుట్టూ ఒక గిన్నె. అడుగున గాలిపంపుకు కలిపిన కొయ్య గాలిబిళ్ళ. రాతిబిళ్ళకన్న కొయ్య రంధ్రాలు సన్నవి. బుడగ ఎంత చిన్నదైతే అంత మేలు. నాలుగు మిల్లీమీటర్ల బుడగలోని గాలిని ఒక మిల్లీమీటరు బుడగలుగా పంచితే 64 బుడగలు వస్తాయి. మురికి అంటుకొనే చర్మం నాలుగింతలవుతుంది. తొట్టినీరు మెడకు కొంచెం దిగువగా లోనికి వచ్చి క్రిందికి దిగాలి. బుడగలు దానికి ఎదురుగా పైకి పోవాలి. అట్లా ఎదురుపడినప్పుడే వాటి సహవాసం దీర్ఘమవుతుంది. అడుగు నుండి వెలుపలికి వచ్చే నీటిదారికి ఒక గేటు వాల్వు పెట్టాడు. దానిని తిప్పి గొట్టంలోని నీటిమట్టం సరిచేయవచ్చు. మట్టం ఎక్కువైతే గిన్నెలోకి నీరే పొర్లుతుంది. తక్కువైతే నురుగు మెడలోనే కూలిపోతుంది.

అతికిన జిగురు ఆరిన పిమ్మట గొట్టాన్ని పలుమార్లు కడిగి నడిపించాము. మొదటి నాలుగు దినాలు గిన్నె పొడిగానే ఉంది. కొత్త గొట్టానికి అంటిన జిడ్డు పోయేదాకా నురుగు నిలబడదని పుస్తకంలో ఉన్నది. తమ్ముడు మాత్రం రాత్రి రెండుసార్లు లేచి చూసి వచ్చేవాడు. అయిదవనాటి ఉదయం గిన్నెలో చారెడు ద్రవం చేరింది. కాచిన టీ డికాక్షన్ వంటి రంగు. మురుగుకాలువ వంటి దుర్గంధం. అద్దం వంటి ఆ నీటి నుండే అది వచ్చింది! తమ్ముడు గిన్నెను దీపం వైపు ఎత్తి చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత తొట్టి ఎత్తేసే మాట అతని నోట రాలేదు.

ఈ యంత్రం సర్వరోగ నివారిణి కాదు. అప్పటికే నైట్రేటుగా మారినదాన్ని ఇది తీయలేదు. అందుకు వారంవారం కొంత నీరు మార్చవలసిందే, మేత తగ్గించవలసిందే. కొయ్యబిళ్ళ రంధ్రాలు కొన్ని వారాలకే పూడుకుపోతాయి, కొత్తది వేయాలి. మంచినీటిలో ఇది నురుగు పట్టదు. బుడగలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా కాపాడేది సముద్రపు ఉప్పే. కొమ్మల పగడం మాకు దక్కలేదు. మెత్తని పగడం మాత్రం మేము బయలుదేరే వారంలో అంచున నాలుగు చేతులు విప్పింది. నెల గడిచాక పూర్తిగా విచ్చుకొన్నదని తమ్ముడు ఫోనులో చెప్పాడు; తన పిల్లలకు కూడా అదే చెప్పాడట.

ఇది చదివి మన విద్యార్థులు పగడాలకోసం పరుగెత్తరాదు. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలకు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అత్యున్నత రక్షణ ఉంది. మన్నారు సింధుశాఖలో గాని, లక్షద్వీపాలలో గాని ఒక్క కొమ్మ విరిచినా నేరమే. అవి అక్కడ ఉండటమే న్యాయం. నేర్వవలసింది సూత్రం. మడ్డిగా అడుగున కనిపించే దోషాన్ని ఎవరైనా పారబోయగలరు. తేటదనం మాటున కరిగి ఉన్నదాన్ని కుళ్ళకముందే వెలికి తీయటానికి ఓపిక కావాలి, చేతిపని కావాలి. గ్రంథం చదివినవాడు, గొట్టం కోయగలవాడు ఒకేచోట కూర్చోవాలి. మన కళాశాలలో ఈ రెండు తరగతుల వారూ ఉన్నారు. వారిని ఒక బల్ల వద్దకు చేర్చటం పాలకవర్గం తలచుకుంటే అసాధ్యం కాదు.

చివరగా ఒక్కమాట. ఆ గిన్నెను ఏ రోజుకారోజు ఖాళీ చేయాలి. నిండిపోయి పొర్లితే, తీసిన మురికి అంతా తిరిగి తొట్టిలోకే పోతుంది. ఆ పని ఏ యంత్రమూ తనంత తాను చేసుకోదు. జిద్దాలో మా తమ్ముడు దానిని ప్రతి ఉదయం పనికి పోయేముందు చేస్తున్నాడు.