ఆట – ఆడు, అడ్వైస్ – అడ్వైజ్

ఇది ఒక్క అక్షరం గొడవ. కానీ ఆ అక్షరానికి నాకో మార్కు పోయింది, ఆ మార్కుతో ఉద్యోగం పోయింది. అందుకే రాస్తున్నా.

పరీక్షలో ‘హి గేవ్ మీ గుడ్...’ అని ఖాళీ ఇచ్చారు. అడ్వైస్, అడ్వైజ్ రెండూ ఉన్నాయి. నేను రెండోది పెట్టాను. మా ఇంట్లో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు, ఇంగ్లీషు మూడోది. గైడులో ఈ జంటలన్నీ బట్టీ పట్టాను గానీ హాల్లో కూర్చున్నాక కలిసిపోయాయి.

తర్వాతెప్పుడో తట్టింది, ఈ తేడా తెలుగులోనూ ఉంది కదా అని. ఆడు అంటే పని, ఆట దాని పేరు. పాడు – పాట. ఓడు – ఓటమి. పోరాడు – పోరాటం. పనికి ‘డ’, పేరుకి ‘ట’. మెత్తగా పలికితే పని, గట్టిగా పలికితే పేరు.

ఇంగ్లీషులో కూడా చాలా జంటలు ఇంతే. అడ్వైస్ పేరు. అడ్వైజ్ పని, చివర తేనెటీగ రొదలా పలకాలి. బిలీఫ్ – బిలీవ్, ప్రూఫ్ – ప్రూవ్ కూడా అంతే. రాసేటప్పుడు అడ్వైస్‌కి చివర సి, ఈ. అడ్వైజ్‌కి ఎస్, ఈ. ప్రాక్టీస్, లైసెన్స్‌లకి పలుకు మారదు, కానీ బ్రిటిష్ పద్ధతిలో రాత ఇలాగే మారుతుంది. ఇంకోటి, అడ్వైస్‌కి బహువచనం లేదు. ‘అడ్వైసెస్’ అని రాయకండి.

అఫెక్ట్, ఎఫెక్ట్ దగ్గర ఈ కిటుకు పనిచెయ్యదు. మనం రెండిటికీ ఎఫెక్టే అనేస్తాం. అకాల వర్షం కాఫీ పంటని ‘అఫెక్ట్’ చేస్తుంది, అది పని. దిగుబడి మీద పడేది ‘ఎఫెక్ట్’, అది పేరు. మామూలు వాడుకకి ఈ మాత్రం చాలు.

ఇది పరీక్షల కోసమే కాదు. రాజ్యాంగం ఐదో షెడ్యూల్ 4వ పేరా ఇంగ్లీషులో చదవండి. గవర్నర్ పంపిన విషయాలపై ‘అడ్వైజ్’ చెయ్యడం ట్రైబ్స్ అడ్వైజరీ కౌన్సిల్ బాధ్యత అని ఉంటుంది. అక్కడుంది పని మాట. కౌన్సిల్ ఇచ్చేది ‘అడ్వైస్’. రేపు మన ఊరి తరఫున అర్జీ రాసేది మీరే. ఎవరు ఏం చెయ్యాలో, ఏం ఇవ్వాలో తేడా తెలిసి రాయాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇంటి భాషలో ఇలాంటి జంటలుంటే కింద రాయండి. కువి మాట్లాడేవాళ్లు తప్పకుండా చెప్పాలి.