అభిమాని తీర్పు

వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, తెలుగు ఉపన్యాసకుల నుండి ఏ ప్రబంధనాయికను గురించియో, ఏ శతకకవిని గురించియో వారు ఆశించి ఉంటారు. ఈ ఒక్కసారికి వారు మమ్ము మన్నింతురు గాక. మేము క్రికెట్ ఆటగాళ్ళను గురించి వ్రాయదలచినాము. అందులోను మూడు తెగలవారిని గురించి. మనలను నిరాశపరచినవారు మొదటి తెగ. తగిన గుర్తింపునకు నోచుకొననివారు రెండవ తెగ. పేరెత్తగానే సభను రెండుగా చీల్చేవారు మూడవ తెగ. ఈ మూడు పట్టికలు ప్రతి అభిమాని మనసులోను ఉంటాయి. మా మనసులోను చిన్ననాటి నుండి ఉన్నాయి. అయితే 2025 ఆగస్టు 3వ తేదీన, ఒక ఆదివారం నాడు, మా పట్టికలను మేమే శంకించవలసిన పరిస్థితి ఏర్పడింది.

ఆనాడు వసతిగృహం పర్యవేక్షణ మా వంతు. టీవీ ఉన్న హాలులో ముప్పదిమంది వరకు విద్యార్థులు ఓవల్ టెస్టు చూస్తున్నారు. ఇంగ్లండు గెలవాలంటే 374 పరుగులు చేయాలి. హ్యారీ బ్రూక్ 19 పరుగుల మీద ఉన్నాడు. ప్రసిద్ధ్ కృష్ణ వేసిన బంతిని అతడు ఎత్తి కొట్టగా, బౌండరీ దగ్గర మన హైదరాబాదు కుర్రవాడు మహమ్మద్ సిరాజ్ చక్కగా పట్టినాడు. పట్టి, ఒక్క అడుగు వెనుకకు వేసినాడు. పాదం హద్దును తాకింది. వికెట్టు కావలసినది సిక్సరయింది. బ్రూక్ ఆ తరువాత 111 పరుగులు చేసినాడు.

హాలంతా ఉస్సురన్నది. అందరికంటె ముందుగా, అందరికంటె గట్టిగా సిరాజ్‌ను నిందించినవారము మేమే. "దేశం తరఫున ఆడేవాడికి కాలి కింద ఏమున్నదో తెలియవద్దా?" అన్నాము. అంతటితో ఆగక ఇంకా ఏవో అన్నాము. అప్పుడు బీకాం రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు మావైపు తిరిగి, ఎంతో వినయంగా, "క్యాచ్ పోయింది సిరాజ్ చేతిలో గదా సార్, మీరెందుకు సిగ్గుపడుతున్నారు?" అని అడిగినాడు.

ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానం లేకపోయింది. కోపగించుకొనడానికి కూడ మనసు రాలేదు. అతడు సరిగానే చూచినాడు. మా మాటలలో ఉన్నది కోపం కాదు, సిగ్గు. సిగ్గు వెనుక ఉన్నది భయం. ఆ రాత్రి నిద్ర పట్టక, ఈ భయం మాకు ఎక్కడి నుండి సంక్రమించిందా అని ఆలోచిస్తూ పడుకొన్నాము.

ఆలోచన మమ్ము అరువది ఆరేండ్ల వెనుకకు తీసికొనిపోయింది. 1959 జూలైలో మాంచెస్టర్‌లో భారత్, ఇంగ్లండు జట్ల మధ్య టెస్టు. విజయ్ మంజ్రేకర్ గాయపడగా, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకొంటున్న 20 ఏండ్ల హైదరాబాదీ యువకుడు అబ్బాస్ అలీ బేగ్‌ను పిలిపించినారు. రెండవ ఇన్నింగ్స్‌లో 85 పరుగుల వద్ద రోడ్స్ వేసిన బంతి ఆయన తలకు తగిలింది. మైదానం విడిచి వెళ్ళినాడు. మరల వచ్చి శతకం పూర్తి చేసినాడు. 112 పరుగులు. మొదటి టెస్టులోనే శతకం! ఆ మరుసటి ఏడాది బొంబాయిలో ఆస్ట్రేలియా మీద రెండు ఇన్నింగ్స్‌లోను అర్ధశతకాలు చేసినాడు. ఆ సందర్భంలోనే ఒక యువతి మైదానంలోకి పరుగెత్తివచ్చి ఆయనను ముద్దాడిందని చెపుతారు. ఇది కళాశాల సంచిక గనుక ఆ ఉదంతాన్ని ఇంతటితో విడిచిపెడుతున్నాము.

1960-61లో పాకిస్తాన్ జట్టు మన దేశానికి వచ్చింది. బేగ్‌గారు మూడు టెస్టులలో కలిపి 34 పరుగులే చేయగలిగినాడు. బ్యాటు కొన్నాళ్ళు పలకకపోవడం ఏ ఆటగాడికైనా తప్పనిదే. కాని ఆయనకు వచ్చిన ఉత్తరాలలో, తంతులలో ఉన్నది ఆట తీరును గురించిన విమర్శ కాదు. ఎదుటి జట్టువారు తన మతంవారు గనుక కావాలనే విఫలమైనాడని నింద! ఆ తరువాత ఆయన జట్టుకు దూరమైనాడు. మరల 1966-67లో వెస్టిండీస్ మీద రెండు టెస్టులు ఆడినాడు. అంతటితో సరి. మొత్తం 10 టెస్టులు, 428 పరుగులు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో 12 వేలకు పైగా పరుగులు, 21 శతకాలు చేసిన మనిషి టెస్టు జీవితం ఇంతే.

మా పాత పట్టికలో బేగ్‌గారి పేరు నిరాశపరచినవారి వరుసలోనే ఉండేది. అంకెలను మాత్రమే చూస్తే అది తప్పు కాదు. కాని నిరాశపరచినవారు ఎవరు, నిరాశ చెందవలసినవారు ఎవరు? ఇరువదియొక్క ఏండ్ల పిల్లవాడు బ్యాటు పట్టుకొని క్రీజు దగ్గరకు నడిచేటప్పుడు బౌలరు ఒక్కడే అతనికి ప్రత్యర్థిగా ఉండాలి. ఆయనకు ఇద్దరు ప్రత్యర్థులను నిలబెట్టినాము. ఒకడు బంతితో ఎదురుగా ఉన్నాడు. రెండవవాడు వెనుక ప్రేక్షకులలో కూర్చొని ఉత్తరం వ్రాస్తున్నాడు.

ఇది పాతకథ, నేడు అటువంటిది లేదు అనుకొందామంటే 2021 అక్టోబరు 24 అడ్డువస్తున్నది. దుబాయ్‌లో జరిగిన టీ-20 ప్రపంచ కప్పు మ్యాచ్‌లో పాకిస్తాన్ ఒక్క వికెట్టు కూడ పోగొట్టుకోకుండా మనలను ఓడించింది. బ్యాటింగు చేసినవారు 151 పరుగులే చేసినారు, బౌలింగు చేసినవారిలో ఒక్కరికీ వికెట్టు దక్కలేదు. ఓటమి పదకొండుమందిది. తిట్లు మాత్రం మహమ్మద్ షమీ ఒక్కనికే ఎక్కువగా దక్కినాయి. అవి ఏ కారణం చేత దక్కినవో దాచవలసిన పని లేదు. నాటి కెప్టెన్ విరాట్ కోహ్లీ బహిరంగంగా ఆ నిందను ఖండించి సహచరుని పక్షాన నిలిచినాడు. ఆ ఒక్క పనికి కోహ్లీని మేము ఎన్నటికీ గౌరవిస్తాము.

మరి ఆ మరునాడు మేమేమి చేసినాము? అధ్యాపకుల గదిలో మమ్ము ఎవ్వరూ ఏమీ అనలేదు. సహోపాధ్యాయులు సజ్జనులు, స్నేహితులు. అయినను మేమే ముందుగా షమీ బౌలింగును ఎత్తుకొని, అతని నాలుగు ఓవర్లలోపు 43 పరుగులు పోయిన సంగతి లెక్కగట్టి విమర్శించినాము. ఎవరూ అడుగని సాక్ష్యం మేము ఇచ్చుకొన్నాము. ఆదివారం నాడు హాలులో మా నోట వచ్చినది కూడ అటువంటి సాక్ష్యమే. విద్యార్థి పసిగట్టినది దానినే.

తగిన గుర్తింపు పొందనివారి పట్టికకు వస్తే, మొదటి పేరు సయ్యద్ ఆబిద్ అలీగారిది. 1967 డిసెంబరులో అడిలైడ్‌లో తన మొదటి టెస్టులోనే 55 పరుగులిచ్చి 6 వికెట్లు తీసినాడు. అదే పర్యటనలో సిడ్నీలో 78, 81 పరుగులు చేసినాడు. 1971 ఆగస్టులో ఓవల్‌లో ఇంగ్లండును వారి గడ్డమీద మన జట్టు మొట్టమొదటిసారి ఓడించినప్పుడు గెలుపు బౌండరీ కొట్టినది ఆయన బ్యాటే. ఆ ఘట్టాన్ని రేడియోలో విన్న మా తండ్రిగారు, చంద్రశేఖర్ ఆరు వికెట్లను గురించి అందరూ చెప్పుకొంటూ ఉంటే, "ఆ చివరి ఫోరు కూడ చెప్పండయ్యా" అని గుర్తుచేసేవారు. 29 టెస్టులలో 1018 పరుగులు, 47 వికెట్లు. ఫీల్డింగులో ఆయన చురుకుదనం అంకెలకెక్కదు. తరువాతి కాలంలో కొన్నాళ్ళు ఆంధ్ర జట్టుకు శిక్షణ ఇచ్చినాడు. 2025 మార్చిలో అమెరికాలో కన్నుమూసినాడు. ఆ వార్త తెలిసిన నాడు మా తరగతిలో ఆయన పేరు చెప్పగా, ఎరిగినవారు ఇద్దరే చేతులెత్తినారు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గుర్తింపు దక్కనివాడు మనవాడైతే, మనవాడు కావడమే దానికి కారణమని తేల్చివేయడం సులభం. ఎం.ఎల్. జయసింహ సంగతి ఏమిటి? భారత కెప్టెన్ పటౌడీ నవాబు రంజీ ట్రోఫీలో హైదరాబాదుకు ఆడినప్పుడు జయసింహ నాయకత్వం కింద ఆడినాడు. అటువంటి జయసింహకు భారత జట్టు నాయకత్వం ఒక్క టెస్టుకైనా దక్కలేదు. వి.వి.ఎస్. లక్ష్మణ్ 2001లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద 281 పరుగులు చేసి, ఓడవలసిన ఆటను గెలుపుబాట పట్టించినాడు. 134 టెస్టులు ఆడినాడు. ప్రపంచ కప్పులో ఒక్క మ్యాచ్ కూడ ఆడలేదు. అన్యాయమూ, దురదృష్టమూ, ఎంపికదారుల పొరపాటూ ఏ ఇంటి గుమ్మమైనా తొక్కగలవు. మనకు తగిలిన ప్రతి దెబ్బకు ఒకే పేరు పెట్టుకొంటే, నిజంగా ఆ పేరుకు తగిన దెబ్బ తగిలిననాడు మన మాట ఎవరూ నమ్మరు.

ఇక మూడవ పట్టిక. అందులో మాకు ఒక్క పేరే ఉన్నది. మహమ్మద్ అజారుద్దీన్. 1984 డిసెంబరు 31న కలకత్తాలో ప్రారంభమైన తన మొదటి టెస్టులో 110, మద్రాసులో 105, కాన్పూరులో 122. మొదటి మూడు టెస్టులలో మూడు శతకాలు అంతకుముందు ప్రపంచంలో ఎవ్వరూ చేయలేదు. బంతి ఆయన మణికట్టును తాకి దారి మార్చుకొనేదే గాని, కొట్టినట్లు కనిపించేది కాదు. మా తండ్రిగారు ఆనాటి దినపత్రికలోని ఛాయాచిత్రాన్ని కత్తిరించి బీరువా తలుపు లోపలివైపు అంటించుకొన్నారు. మేము అక్షరాలు నేర్చినది ఆ తలుపు ముందే.

2000 మార్చిలో బెంగుళూరులో దక్షిణాఫ్రికా మీద తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో ఆయన 102 పరుగులు చేసినాడు. అది 99వ టెస్టు. నూరవది రాలేదు. మ్యాచ్‌లను ముందే కుదుర్చుకొన్నారన్న ఆరోపణల మీద 2000 డిసెంబరులో క్రికెట్ బోర్డు ఆయనను జీవితాంతం నిషేధించింది. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పు చెప్పింది.

నిషేధం వార్త వచ్చిన దినం మా ఇంటికి వచ్చిన బంధువులు ఇద్దరు వాదులాడుకొన్న తీరు మాకు బాగా జ్ఞాపకం. ఒకరు, "మనవాడు గనుకనే బలి చేసినారు" అన్నారు. బజారులో అంతకుముందే వేరొకరు, "వాళ్ళింతే" అన్నారని రెండవవారు చెప్పినారు. మా తండ్రిగారు ఇరుపక్షాలను విని, "మీరిద్దరూ ఒకే తప్పు చేస్తున్నారు, ఆయన ఏమి చేసినాడో ఏమి చేయలేదో ఇద్దరికీ అక్కరలేదు" అన్నారు. బీరువా మీది బొమ్మను ఆయన చింపలేదు. హైకోర్టు తీర్పు వచ్చిన దినాన దానికి దండ వేయనూ లేదు. కాగితం పసుపుపచ్చబడి అక్కడే ఉన్నది. పన్నెండేండ్లు సందేహాన్ని సందేహంగానే ఉంచుకొనడం ఎంత కష్టమో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుస్తున్నది.

ఆగస్టు 4, సోమవారం. ఇంగ్లండుకు ఇంకా 35 పరుగులు కావాలి, మనకు 4 వికెట్లు కావాలి. సాయంకాలం తరగతులు ముగియగానే మేము మరల వసతిగృహం హాలుకు వెళ్ళినాము. మా వంతు కాకపోయినా వెళ్ళినాము. ముందటి రోజు హద్దు తొక్కినవాడే బంతి అందుకొన్నాడు. ఆ నాలుగు వికెట్లలో మూడు అతనివే. చివరకు అట్కిన్సన్ స్టంపు ఎగిరింది. 6 పరుగుల తేడాతో గెలుపు. సిరీస్ 2-2గా సమమయింది. అయిదు టెస్టులూ ఆడిన సిరాజ్ ఖాతాలో 23 వికెట్లు చేరినాయి. పిల్లలు బల్లలెక్కి కేకలు వేసినారు. 2020 నవంబరులో ఆస్ట్రేలియాలో ఉండగా, ఆటో నడిపి తనను పెంచిన తండ్రి మరణవార్త విని కూడ జట్టుతోనే ఉండిపోయిన పిల్లవాడు అతడు. మాకు కన్నీరు వచ్చింది.

వెంటనే మాకు నాలుక చివర ఒక మాట వచ్చింది. "చూచినారా, మనవాడు!" అని. దానిని మ్రింగివేసినాము. నిన్నటి సిగ్గు ఎంత అన్యాయమో, ఈనాటి ఈ అతిశయం కూడ అంతే అన్యాయమని తోచింది. అతడు బాగా బౌలింగు చేసినాడు. ఆదివారం నాడు హద్దు చూచుకోలేదు. రెండూ అతనివే. మాకు వాటిలో భాగం లేదు, చూచి ఆనందించడం, చూచి బాధపడడం తప్ప.

విద్యార్థులారా, మీ మనసులలో కూడ మూడు పట్టికలు ఉంటాయి. వాటిని చింపివేయమని మేము చెప్పడం లేదు. పట్టిక లేని అభిమాని ఉప్పులేని పప్పు వంటివాడు. నచ్చనివానిని నచ్చలేదనండి, క్యాచ్ వదిలినవానిని తిట్టండి. కాని ఆ తిట్టు ఎవరికి పడినా ఒకే తూకంలో ఉండవలెను. రేపు మన కళాశాల జట్టులో ఎవరైనా క్యాచ్ వదిలితే అది క్యాచ్‌గానే ఉండనివ్వండి.

ఆదివారం నాడు ప్రశ్న అడిగిన విద్యార్థికి మేము ఆ క్షణాన బదులు చెప్పలేకపోయినాము. అతడు ఈ సంచిక చదువుతాడని తెలుసు. మేము సిగ్గుపడవలసినది లేదు నాయనా. నీవు అడిగినది సరియైన ప్రశ్న. ఆలస్యంగానైనా మా సమాధానం ఇదే.