జంతికల డబ్బా, కదలని కారు

ఏడాదికి రెండుసార్లు మా ఇంట్లో ఒక పండగ జరుగుతుంది. పంచాంగంలో ఉండదు లెండి. టైర్లు మార్చే పండగ!

మేముండేది జర్మనీలో, హైడెల్‌బర్గ్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో. ఇక్కడ ఎండాకాలానికి ఒక రకం టైర్లు, చలికాలానికి ఇంకో రకం. చలి 7 డిగ్రీల కిందకి దిగితే ఎండాకాలం టైరు రబ్బరు గట్టిపడి రోడ్డుని సరిగ్గా పట్టుకోదట. ఫలానా తేదీకల్లా మార్చాలని రూలేమీ లేదు. కానీ మంచులోనో ఐసు మీదో ఆ టైర్లతో దొరికితే 60 యూరోల జరిమానా, పైగా రికార్డులో ఒక పాయింటు. అందుకని ఇక్కడివాళ్ళు "ఓ నుంచి ఓ దాకా" అని గుర్తుపెట్టుకుంటారు. అక్టోబరు నుంచి ఈస్టరు దాకా అన్నమాట. వాళ్ళ భాషలో ఈస్టరుని ఓస్టర్న్ అంటారు.

చాలామందిలాగే మా దగ్గరా రెండు సెట్ల చక్రాలున్నాయి. ఎండాకాలానికి మెరిసే అల్లాయ్ వీల్స్, చలికాలానికి నల్లటి ఇనప రిమ్ములు. వాడని సెట్టు ఇంటి కింద కెల్లర్‌లో పడుంటుంది. షాపులో మార్పిస్తే నలభై యూరోల దాకా అవుతుందని మా వారే జాకీ, స్పానరు పట్టుకుని దిగుతారు. నాలుగేళ్ళుగా ఆయనే మారుస్తున్నారు. ఎప్పుడూ ఏమీ కాలేదు.

కిందటేడు అక్టోబరు ఆఖర్లో అమ్మ వచ్చింది. నాన్నగారు పోయాక మొదటి ప్రయాణం. రాజమండ్రి దాటి ఒక్కర్తీ ఎక్కడికీ వెళ్ళని మనిషి. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతుంది. ముందురోజు శనివారం నేను వంటింట్లో జంతికలు వేస్తున్నాను, మా వారు కింద చక్రాలు మారుస్తున్నారు. మధ్యలో పైకొచ్చి, "కెల్లర్‌లో గుండ్రటి బిస్కెట్ డబ్బా ఉండాలి, చూశావా?" అన్నారు. నూనె కాగుతోంది. "మీ సామాన్ల సంగతి నాకేం తెలుసండీ!" అన్నాను. ఆయన వెళ్ళిపోయారు.

ఆదివారం ఆరున్నరకి బయల్దేరాం. తాళం తిప్పగానే ఇంజను మోగింది. గేరు వేశారు. కారు వెనకభాగం కొంచెం కిందకి కుంగింది కానీ, ముందుకి మాత్రం అంగుళం కదల్లేదు. రివర్సు వేశారు. అంతే. హ్యాండ్‌బ్రేక్ దింపి, ఎత్తి, మళ్ళీ దింపారు. రాత్రంతా వాన కురిసింది, తడికి బ్రేకు పట్టేసిందేమో అన్నారు. దిగి తోశాం. గోడని తోసినట్టే ఉంది.

ఇక నా నోటికి అడ్డే లేదు. "నలభై యూరోలకి కక్కుర్తిపడి, మా అమ్మ వచ్చే రోజే చూసుకున్నారు!" అన్నాను. వెనక సీట్లో మా పాప బిక్కమొహం వేసుకుని చూస్తోంది. ఆయన ఒక్క మాటా అనలేదు. టైము చూసుకుని, రైలందుకోవడానికి స్టేషన్‌కి పరిగెత్తారు. నేను వెంటనే అక్కకి ఫోన్ చేసి మరీ, "చూశావా మీ మరిది నిర్వాకం" అని అంతా ఏకరువు పెట్టాను. అక్క కూడా బాగానే తాళం వేసింది.

ఇక్కడ ఆదివారం షాపులూ ఉండవు, మెకానిక్కులూ ఉండరు. చప్పుడు చేసే పనులు అసలే చెయ్యకూడదు. మా పక్కింటాయనకి డెబ్బై దాటాయి. ఆదివారం మా పాప బంతి గోడకి తగిలినా కిటికీలోంచి తొంగి చూసే మనిషి. అలాంటాయన మా అవస్థంతా చూశారేమో, తన జాకీ పట్టుకుని తనే వచ్చారు.

వెనక చక్రాన్ని పైకి లేపి చేత్తో తిప్పబోయారు. తిరగలేదు. బోల్టులు కొంచెం వదులు చేశారు. చక్రం హాయిగా తిరిగింది! మళ్ళీ బిగిస్తే ఆగిపోయింది. ఆయన తల పంకించి, ఒక బోల్టు పూర్తిగా ఊడదీసి నా చేతిలో పెట్టారు.

"ఇది అల్లాయ్ చక్రానిది. ఇనప రిమ్ముకి ఇంత పొడుగు అక్కర్లేదు."

అల్లాయ్ రిమ్ము బోల్టు పట్టేచోట మందంగా ఉంటుంది కాబట్టి దానికి పొడుగు బోల్టులు వెయ్యాలట. ఇనప రేకు పల్చన కాబట్టి పొట్టివి చాలు. పొడుగుదే పల్చటి రిమ్ముకి బిగిస్తే, మిగిలిన ముక్క వెనక పక్కకి పొడుచుకొస్తుంది. మా కారుకి వెనక చక్రాల లోపల బ్రేక్ డ్రమ్ము ఉంటుంది. బోల్టు కొసలు వెళ్ళి డ్రమ్ములోని బ్రేకు భాగాలకి ఆనుకున్నాయి. బిగించేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంటుంది, ఎలాగూ చక్రం తిరగదు కాబట్టి మా వారికి తేడా తెలియలేదు. ఇంకొంచెం యాక్సిలరేటర్ తొక్కి బలవంతంగా లాగుంటే లోపల స్ప్రింగులూ షూలూ విరిగేవట. దారి మధ్యలో విరిగితే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

"పొట్టి బోల్టులు ఉండాలే. మీ ఆయన వాటిని గుండ్రటి బిస్కెట్ డబ్బాలో పెట్టడం వసంతంలో నేను చూశాను" అన్నారు.

నా కాళ్ళ కింద నేల కదిలింది.

ఆ డబ్బా ఇప్పుడు నా వంటింట్లో ఉంది. నిండా జంతికలతో. రెండు వారాల క్రితం అమ్మ వస్తోందని కెల్లరంతా సర్దుతూ, నల్లటి ఇనుప ముక్కలతో నిండిన డబ్బా చూసి, "ఇంత మంచి డబ్బాలో చెత్త పెడతారా" అని విసుక్కుని, ఆ ముక్కల్ని ఒక క్యారీ బ్యాగులో పోసి, పాత పెయింటు డబ్బాల వెనక పడేశాను. డబ్బాని మూడుసార్లు సబ్బు పెట్టి తోమి, ఎండలో పెట్టాను. అది డబ్బా దొరికిన సంతోషమే తప్ప, బోల్టుల సంగతి నా బుర్రలో నిలవలేదు.

కిందకి వెళ్ళి ఆ బ్యాగు తెచ్చాను. చక్రానికి అయిదు చొప్పున ఇరవై ఉన్నాయి. పక్కన పెట్టి చూస్తే రెండిటికీ ఉన్న తేడా ఒక వేలి గోరంత. నాలుగు చక్రాలకీ అవే వేసి బిగించారాయన. వెనక చక్రం తిరుగుతోంది, అయినా లోపల ఏమైందో మెకానిక్కు విప్పి చూసేదాకా బండి రోడ్డెక్కించొద్దని గట్టిగా చెప్పి వెళ్ళారు.

ఇంట్లో ఒక్కదాన్నే కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, దాచేద్దామని కూడా అనిపించింది. బ్యాగులో దొరికాయని చెప్తే సరిపోతుంది, బ్యాగులోకి ఎలా వచ్చాయని ఎవరడుగుతారు?

మన వంటిళ్ళలో హార్లిక్స్ సీసాలో మినప్పప్పు ఉంటుంది, కాఫీ డబ్బాలో జీలకర్ర ఉంటుంది. పైన రాసిందొకటి, లోపల ఉండేదొకటి. మనకి తెలుసు కాబట్టి నడుస్తుంది. ఇంకెవరైనా చెయ్యి పెడితే, "అడిగి తియ్యచ్చుగా" అంటాం. మరి ఆయన డబ్బాలో నేను చెయ్యి పెట్టినప్పుడు అడిగానా? పైగా ఆయనే వచ్చి అడిగితే తల కూడా తిప్పలేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి అమ్మ, రెండు సూట్‌కేసులు, మా వారు ట్యాక్సీలో దిగారు. అమ్మ గంట పైనే ఎదురుచూసిందట. "భయమేసిందే. అల్లుడుగారు కనపడగానే ప్రాణం లేచొచ్చింది" అంది. అది విన్నాక ఇంక దాచలేకపోయాను. అందరి ముందూ చెప్పేశాను.

మా వారు కాసేపు మాట్లాడలేదు. "నిన్న అడిగాను కదా" అన్నారు చివరికి. అంతే. ఆ మాట గట్టిగా తిట్టినదానికన్నా ఎక్కువే తగిలింది. తర్వాత ఆయనే, "దొరక్కపోతే నేనూ ఆగాల్సింది. ఏదో ఒకటి పడుతుందిలే అని బిగించేశాను" అన్నారు.

సోమవారం మెకానిక్కు డ్రమ్ములు విప్పి చూశాడు. లోపల గీతలు పడ్డాయి, ఏమీ విరగలేదు. దానికైన ఖర్చుతో రెండేళ్ళపాటు షాపులోనే టైర్లు మార్పించుకోవచ్చు! 50 కిలోమీటర్లు నడిపాక బోల్టులు మళ్ళీ ఒకసారి బిగించి చూసుకోమన్నాడు. చక్రాలు మార్చిన ప్రతిసారీ చెయ్యాల్సిన పనేనట అది. మీ ఇంట్లోనూ రెండు రకాల రిమ్ములుంటే, ఏ బోల్టులు దేనివో ఇవాళే చూసి పెట్టుకోండి. మార్చాక చక్రం తిరక్కపోతే మాత్రం బలవంతం చెయ్యకండి.

ఇప్పుడు కెల్లర్‌లో రెండు ప్లాస్టిక్ డబ్బాలున్నాయి. ఒకదాని మీద "పొట్టివి, ఇనప చక్రాలకి", రెండోదాని మీద "పొడుగువి, మెరిసే చక్రాలకి" అని పాపచేత తెలుగులో రాయించాను. బిస్కెట్ డబ్బా మాత్రం నాకే దక్కింది. అమ్మ ఉన్నన్నాళ్ళూ సాయంత్రం ఆ మూత తీసిన ప్రతిసారీ మా వారు, "చూసుకుని నమలండి అత్తయ్యగారూ, బోల్టు తగుల్తుందేమో" అనేవారు.

అక్కకి ఫోన్ చేసి, తప్పు మీ మరిదిది కాదు నాదే అని చెప్పడానికి మాత్రం నాకు మూడు రోజులు పట్టింది.