సహ్యాద్రి సోపానములు: వాయి నుండి మహాబలేశ్వరమునకు

పుణె నుండి సతారాకు పోవు రాజమార్గమును సురూరు చెంత విడిచి పడమటికి మరలినచో, కృష్ణాతీరమున రాతిమెట్ల ఘట్టములతోడను, ఢోల్యా గణపతి ఆలయముతోడను అలరారు వాయి పట్టణము వచ్చును. అచటనే పసరణి ఘాటు మొదలగును. పాంచ్‌గణి మీదుగా మహాబలేశ్వరమునకు సుమారు 32 కిలోమీటర్లు ఎగబ్రాకి, ప్రతాపగడము ప్రక్కగా అంబేనళి ఘాటున కొంకణసీమకు దిగు ఈ దారి పొడవున చిన్నదే కాని, ఇందు ప్రతి మలుపును భూచరిత్రమున ఒక్కొక్క ఘట్టము.

అగ్నిపర్వతమనగానే శిఖరమునుండి పొగలు గ్రక్కు కొండ మనకు స్ఫురించును. ఇచట అట్టిది ఒక్కటియు లేదు. సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట ఈ నేల నిడుపుగా పగుళ్ళు వాఱి, వానినుండి ద్రవశిల వెల్లువగా పొంగి, పొరపై పొరగా పఱచుకొని గడ్డకట్టి, నేటికిని 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర దక్కనును కప్పియున్నది. ఒక వెల్లువకును మఱియొక వెల్లువకును నడుమ దీర్ఘకాలము గడచిన తావులందు పైపొర ఎండకును వానకును శిథిలమై ఎఱ్ఱమన్నుగా మాఱినది; ఆ మంటిని మరల ద్రవశిల కప్పినది. కావున రోడ్డుకై కొండను తొలిచిన చోటులందు నల్లరాతి నడుమ ఎఱ్ఱని పట్టెలు కాననగును. గట్టిపొర నిటారుగను, మెత్తనిపొర వాలుగను అరుగుటచే దూరమునుండి చూచువారికి కొండలన్నియు కోనేటి మెట్లవలె తోచును. పాంచ్‌గణి పైనున్న చదునైన పీఠభూమి మీద తుప్పురంగు లాటరైటు టోపీ కలదు; అదియు యుగయుగముల వర్షములు నల్లరాతిలోని కరగు పదార్థములను కడిగివేయగా మిగిలిన ఇనుపరజమే.

ఈ కొండల నిటారుతనమే శివాజీకి కోటగోడ యయ్యెను. 1656లో కట్టిన ప్రతాపగడము క్రింద 1659లో శత్రుసేనాని అఫ్జల్‌ఖానుతోడి సమాగమము జరిగినది. 1828లో బొంబాయి గవర్నరు సర్ జాన్ మాల్కమ్ మహాబలేశ్వరమును వేసవి విడిదిగా ఏర్పఱచెను.

సముద్రమట్టమునకు సుమారు 1,350 మీటర్ల ఎత్తుననున్న ఈ శిఖరప్రదేశమున ఋతువులు మాఱుటయనగా లోకమే మాఱుట. ఆషాఢ శ్రావణములందు అరేబియా సముద్రమునుండి వచ్చు మేఘము నిటారు కొండచరియలకు తగిలి పైకెగసి చల్లబడి, ఏటా 5,000 మిల్లీమీటర్లకు మించిన వర్షము కురియును. కొండ తూర్పువాలున ఉన్న వాయిలో అందు నాలుగవవంతైనను కురియదు. ఆ వానలకు ఘాటున ప్రతి రాతిమెట్టునుండియు జలధార దూకును. మంచుతెరలో ఎదుటి బండి దీపములు మాత్రమే కనబడును. చరియలు విఱిగిపడు భయమున్న అంబేనళి దారిని ఆ దినములలో నమ్మరాదు. భాద్రపదమున వాన సన్నగిల్లగానే, మన్ను వ్రేలెడైనను లేని లాటరైటు బండలపై పసుపురంగు సోన్కీ పూలును, గులాబిరంగు తెర్డా పూలును తివాచీలు పఱచును. ఈ శోభకు పరాకాష్ఠ సతారా చెంతనున్న కాస్ పీఠభూమి. 2012లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడిన పశ్చిమ కనుమలలో అదియు ఒక భాగము. హేమంతమున ఆకాశము తేటపడి, వేణ్ణా సరస్సు ఒడ్డున కొన్ని వేకువలందు మంచు పేరుకొనును. రోడ్డు కిరుప్రక్కల మళ్ళలో స్ట్రాబెరీ పండి, బుట్టల కెక్కి, 2010లో లభించిన భౌగోళిక గుర్తింపుతో దేశమంతటికిని పోవును. గ్రీష్మమున నల్లకొండలు బోడిగా నిలిచి తమ పొరలన్నింటిని లెక్కకు అందించును. భూశాస్త్రము చదువగోరువారికి ఇదియే తగిన కాలము. గాలితాకిడికి గిడసబాఱిన అల్లిచెట్లును, నేరేళ్ళును మాత్రము శిఖరమున పచ్చదనమును విడువవు.

పాత మహాబలేశ్వరమున పంచగంగాలయము కలదు. కృష్ణ, వేణ్ణా, కోయనా, సావిత్రి, గాయత్రి అను ఐదు నదులు అచట పుట్టునని భక్తుల విశ్వాసము. గోముఖమునుండి జాఱు సన్నని ధార చెంత నిలిచిన తెలుగువాని హృదయము ఉప్పొంగక మానదు. ఆ ధారయే కృష్ణయై 1,400 కిలోమీటర్లు పయనించి హంసలదీవి చెంత బంగాళాఖాతమున కలియును. ఈ నల్లరాతి చూర్ణమును వేలయేండ్లుగా మోసికొనిపోయి మన డెల్టా పొలములకు నల్లరేగడినిచ్చినది ఆ నదియే. అంతకు ఎంతో పూర్వమే ఆ ద్రవశిలయు తూర్పుదారి పట్టినది: రాజమహేంద్రవరము చెంత కాతేరులోను, గోదావరి కావలియొడ్డున పంగిడిలోను కంకరకై కొట్టెడు నల్లరాయి, పశ్చిమమునుండి సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రాచీన నదీలోయల వెంట ప్రవహించి వచ్చినదని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

కావున కృష్ణాజలమును త్రావు తెలుగువారికి ఈ దారి కేవలము విహారస్థలము కాదు. తమ పంటభూమి పుట్టినిల్లు. భాద్రపదాంతమున ఒకమారు, వైశాఖమున ఒకమారు ఈ ఘాటు ఎక్కి రండు. పిల్లలను వెంటగొనిపోయి, బండి దిగి, ఆ ఎఱ్ఱపట్టెను వారిచేత తాకింపుడు. కాస్ పూలను మాత్రము కోయకుడు, త్రొక్కకుడు. వ్రేలెడు మన్నైనను లేని ఆ బండపై మొలక మరల నిలద్రొక్కుకొనుట మిక్కిలి కష్టము.