పోను ఎంత? రాను ఎంత?

పిల్లలూ! మీకొక చిక్కులెక్క. ఉదయం 10 గంటలకు హైదరాబాదులో బయలుదేరిన విమానం అక్కడి గడియారం ప్రకారం మధ్యాహ్నం 12-30కి దుబాయి చేరింది. మరొకనాడు ఉదయం 10 గంటలకు దుబాయిలో బయలుదేరి, మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 2-45కి హైదరాబాదు వచ్చింది. ఏ ప్రయాణానికి ఎక్కువసేపు పట్టింది?

"వచ్చేటప్పుడే!" అని తొందరపడకండి.

సికిందరాబాదులో మా వీధిలో ఒక అవ్వ ఉన్నది. ఆమె కొడుకు దుబాయిలో పని చేస్తున్నాడు. రెండేళ్ళకొకసారి సెలవు మీద వస్తాడు. అతను వచ్చేనాడు పన్నెండున్నర దాటిందంటే చాలు, విమానానికి ఏమైనా అయిందేమోనని అవ్వకు ఒకటే గుబులు. "నా బిడ్డను తీసుకుపోయేటప్పుడు రెండున్నర గంటల్లో తీసుకుపోతుంది. తెచ్చేటప్పుడు దాదాపు అయిదు గంటలు చేస్తుంది. ఇదేం విమానం నాయనా?" అని నన్ను అడిగింది. ఆమెకు చెప్పిన సంగతే మీకూ చెబుతాను.

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాలు. మన దేశపు గడియారాలు కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. దుబాయి గడియారాలు 60 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. తేడా 22½ డిగ్రీలు. దాన్ని నాలుగుతో హెచ్చవేస్తే 90 నిమిషాలు. మనం తూర్పున ఉన్నాం కాబట్టి మనకు ముందు తెల్లవారుతుంది. సికిందరాబాదు గడియార స్తంభం మీద 10 అయినప్పుడు దుబాయిలో ఇంకా 8-30 మాత్రమే.

ఇప్పుడు లెక్క సరిచేయండి. పోయేటప్పటి రెండున్నరకు గంటన్నర కలపాలి: 4 గంటలు. వచ్చేటప్పటి నాలుగుముప్పావులో గంటన్నర తీసివేయాలి: మూడుంబావు గంటలు. చూశారా, లెక్క తిరగబడింది!

దూరం మాత్రం రెండువైపులా ఒక్కటే, సుమారు 2,550 కిలోమీటర్లు. మరి ఈ ముప్పావుగంట తేడా ఎందుకు? భూమి తూర్పుకు తిరగడం వల్ల, విమానం కింద నేల జరిగిపోతుందనుకుంటారేమో. అలా జరగదు, భూమితోపాటు గాలీ తిరుగుతుంది. పరుగెత్తే రైలుపెట్టెలో బంతి ఎగరేస్తే మళ్ళీ మీ చేతిలోనే పడుతుంది కదా!

అసలు కారణం, పైన వీచే గాలి. సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున, ముఖ్యంగా చలికాలంలో, పడమటినుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. గంటకు 850 కిలోమీటర్లు పోగల విమానానికి 100 కిలోమీటర్ల గాలి ఎదురైతే మిగిలే వేగం 750. అదే గాలి వెనుకనుంచి తోస్తే 950. 2,550ని ఈ రెండింటితోనూ భాగించి, పైకి లేవడానికీ దిగడానికీ ఒక అరగంట చేర్చి చూడండి. జవాబు ఇంచుమించు సరిపోతుంది.

ఇది విని అవ్వ, "అయితే నా బిడ్డను గాలి ఇంటికి తోసుకొస్తుందన్నమాట!" అని నవ్వింది.

మీకు ఇంకొక లెక్క: సింగపూరు గడియారం మనకంటే 2½ గంటలు ముందున్నది. అక్కడికి పోయేటప్పుడు గడియారం ఏమంటుంది? వచ్చేటప్పుడు ఏమంటుంది? మీవాళ్ళెవరైనా విమానం వేళ చెబితే, అది ఏ ఊరి గడియారమో ముందు అడగండి. ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ గుబులు తప్పుతుంది.